మోటో ఈ (మొదటి తరం)

మోటో ఈ, మోటరోలా మొబిలిటీ సంస్థ తయారుచేసిన ఆండ్రాయిడ్ స్మార్ట్‌ఫోను. ఇది 2014 మే 13న విడుదలైంది. విడుదలైనప్పుడు భారతదేశంలో దీని ధర రూ. 6,999. మోటో ఎక్స్, మోటో జీ ఫోన్ల తరువాత వచ్చిన ఈ ఫోను, ఆనాటి మోటో శ్రేణిలో అన్నింటికంటె చవకైనది. తరువాతి సంవత్సరాలలో ఇదే పేరుతో మరికొన్ని ఫోన్లు వచ్చినందున 2014 నాటి ఫోనును "మొదటి తరం మోటో ఈ" అని వ్యవహరిస్తారు.

బటన్ల ఫోను వాడుతూ మొదటిసారిగా స్మార్ట్‌ఫోనుకు మారేవారిని దృష్టిలో ఉంచుకొని దీనిని రూపొందించారు. గట్టి గాజు, స్పష్టమైన తెర, 1 గిగాబైటు ర్యామ్, తయారీదారు హామీ ఇచ్చిన ఆండ్రాయిడ్ అప్‌డేటు దీనికి మంచి పేరు తెచ్చాయి. ముందు కెమేరా, ఫ్లాష్, ఆటోఫోకస్ లేకపోవడం, నిల్వ స్థలం 4 గిగాబైట్లే కావడం దీనిలోని ప్రధాన లోపాలు. చవక ఫోను ఎంతకాలం పనికివస్తుందో నిర్ణయించే అంశాలలో నిల్వ స్థలం, అప్‌డేట్లు ఎంత ముఖ్యమైనవో తెలుసుకొనడానికి మోటో ఈ చక్కని ఉదాహరణ.

ముఖ్య వివరాలు

* తయారీదారు: మోటరోలా మొబిలిటీ
* విడుదల: 2014 మే
* సంకేత నామం: కాండోర్
* భారతీయ నమూనా: ఎక్స్‌టీ1022 (రెండు సిమ్‌లు)
* కొలతలు: 124.8 × 64.8 × 12.3 మిల్లీమీటర్లు
* బరువు: 142 గ్రాములు
* తెర: 4.3 అంగుళాలు, 540 × 960 పిక్సెళ్ళు, గొరిల్లా గ్లాస్ 3
* ప్రాసెసరు: క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 200, 1.2 గిగాహెర్ట్జ్, రెండు కోర్లు
* ర్యామ్: 1 గిగాబైటు
* నిల్వ స్థలం: 4 గిగాబైట్లు, 32 గిగాబైట్ల వరకు మైక్రో ఎస్‌డీ కార్డు
* కెమేరా: వెనుక 5 మెగాపిక్సెళ్ళు, ముందు కెమేరా లేదు
* బ్యాటరీ: 1,980 మిల్లీ ఆంపియర్-గంటలు
* విడుదలైనప్పటి వ్యవస్థ: ఆండ్రాయిడ్ 4.4 (కిట్‌క్యాట్)

నేపథ్యం

మోటరోలా అమెరికాకు చెందిన పాత సంస్థ. చేతిలో పట్టుకొని మాట్లాడగల చరవాణి నమూనాతో 1973లో తొలి సంభాషణ జరిపినది ఈ సంస్థ ఇంజనీరు మార్టిన్ కూపర్. 2011 జనవరిలో సంస్థ రెండుగా విడిపోయి, ఫోన్ల విభాగం మోటరోలా మొబిలిటీ అయింది. 2012 మే నెలలో గూగుల్ సంస్థ దానిని సుమారు 1,250 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది.

గూగుల్ ఆధ్వర్యంలో మోటరోలా తక్కువ నమూనాలు, తక్కువ ధరలు, దాదాపు మార్పులు లేని ఆండ్రాయిడ్ అనే విధానాన్ని అవలంబించింది. 2013 నవంబరులో ప్రకటించిన మోటో జీ ఈ విధానపు తొలి విజయం. 2014 ఫిబ్రవరిలో అది భారతదేశానికి వచ్చింది. మోటో ఈ వెలువడేనాటికి మోటరోలాను లెనోవో సంస్థకు అమ్మే ఒప్పందం కుదిరి ఉన్నది. 2014 జనవరిలో ప్రకటించిన ఆ ఒప్పందం అదే సంవత్సరం అక్టోబరులో పూర్తయింది. కనుక మోటో ఈ ఒక యాజమాన్యం కింద పుట్టి, మరొక యాజమాన్యం కింద పెరిగిన ఫోను.

విడుదల

భారతదేశంలో మోటో ఈని మొదట ఫ్లిప్‌కార్ట్ వెబ్‌సైటు ద్వారా మాత్రమే విక్రయించారు. దుకాణంలో చేతితో పట్టుకొని చూసి కొనే అలవాటున్న వినియోగదారులకు ఇది కొత్త పద్ధతి. అయినప్పటికీ అమ్మకాలు మొదలైన రాత్రి కొనుగోలుదారుల రద్దీకి వెబ్‌సైటు కొంతసేపు స్తంభించింది. అమెరికాలో దీని ధర 129 డాలర్లు, బ్రిటన్‌లో 89 పౌండ్లు. మన్నిక, అందరికీ అందుబాటులో ఉండే ధర అన్నవి ఈ ఫోను ప్రచారంలో ప్రధానాంశాలు.

ఆకృతి, తెర

వెనుక వైపు కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండి అరచేతిలో ఒదిగే ఆకారం దీనిది. వెనుక మూతను తీసి వేరే రంగు మూతను అమర్చుకొనవచ్చు. మూత ఊడి వచ్చినప్పటికీ బ్యాటరీని మాత్రం వాడుకరి మార్చుకొనలేడు. ముందు భాగంలో తెర కింద అడ్డపట్టీ వలె కనిపించేది స్పీకరు. స్పీకరు ముందు వైపున ఉండుటచే, ఫోనును బల్లపై పెట్టినా శబ్దం అణగిపోదు. నీటి తుంపరలను తట్టుకొనే పూత కూడ దీనికి ఉంది. అయితే నీటిలో ముంచదగిన ఫోను కాదు.

తెరపై అంగుళానికి సుమారు 256 పిక్సెళ్ళు ఉంటాయి. పోల్చి చూచుటకు, 2011లో బాగా ప్రచారంలోకి వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ వై ఫోనులో 3 అంగుళాల తెరపై 240 × 320 పిక్సెళ్ళు మాత్రమే ఉండేవి. అంటే అంగుళానికి సుమారు 133. తెలుగు చదివేవారికి ఈ తేడా ప్రత్యేకంగా తెలుస్తుంది. తెలుగు అక్షరానికి పైన తలకట్టు లేక గుణింతపు గుర్తు, కింద ఒత్తు ఉంటాయి. పిక్సెళ్ళు తక్కువైతే సున్నకు, దీర్ఘానికి, ఒత్తుకు మధ్య ఖాళీ పూడుకుపోయి అక్షరం మసకబారుతుంది. ఆ ధరలో ఇంత సాంద్రత గల తెర లభించడం మోటో ఈ ఆకర్షణలలో ఒకటి.

ప్రాసెసరు, ర్యామ్, నిల్వ స్థలం

స్నాప్‌డ్రాగన్ 200 ప్రాసెసరులోని రెండు కార్టెక్స్-ఏ7 కోర్లు నిత్యకృత్యాలకు సరిపోయేవి. అదే కాలంలో ఇదే ధరకు నాలుగు కోర్ల ప్రాసెసర్లతో ఫోన్లు వచ్చినా, పెద్ద ఆటలు ఆడనివారికి దైనందిన వాడుకలో మోటో ఈ వెనుకబడినట్లు అనిపించేది కాదు. దీనికి రెండు కారణాలు. మొదటిది 1 గిగాబైటు ర్యామ్. రెండవది ఆండ్రాయిడ్ 4.4. గూగుల్ "ప్రాజెక్ట్ స్వెల్ట్" అనే పేరుతో 512 మెగాబైట్ల ర్యామ్ గల ఫోన్లలో సైతం పనిచేసేట్లు ఈ సంచికను తేలికపరచింది. అందుచేత 1 గిగాబైటు ఉన్న ఫోనుకు కొంత వెసులుబాటు మిగిలేది.

ర్యామ్‌కు, నిల్వ స్థలానికి గల భేదాన్ని ఇక్కడ గ్రహించాలి. ర్యామ్ పని చేసుకొనే బల్ల వంటిది. నిల్వ స్థలం వస్తువులు దాచే బీరువా వంటిది. మోటో ఈకి బల్ల చాలినంత ఉంది, బీరువా చిన్నది. 4 గిగాబైట్లలో ఆండ్రాయిడ్ వ్యవస్థ ఆక్రమించినది పోగా వాడుకరికి మిగిలేది సుమారు 2.2 గిగాబైట్లు. పాటలను, ఫోటోలను మెమరీ కార్డులో ఉంచుకొనవచ్చును గాని, యాప్‌లలో కొన్నింటినే కార్డుకు తరలించే వీలుండేది. తరలించిన యాప్‌లు కూడ కొంత భాగాన్ని ఫోనులోనే వదలివేసేవి.

కెమేరా

వెనుక ఉన్న 5 మెగాపిక్సెళ్ళ కెమేరా స్థిర ఫోకస్ కలది. అనగా కటకం ఒకే దూరానికి అమర్చబడి కదలకుండా ఉంటుంది. పగటి వెలుతురులో మనుషులను, చెట్లను, భవనాలను తీస్తే చిత్రం ఫరవాలేదనిపిస్తుంది. దగ్గరి వస్తువులను తీస్తే మసకబారుతుంది. విద్యార్థులకు ఇబ్బంది కలిగించినది ఈ లోపమే. పుస్తకంలోని పుటను లేక నోట్సును ఫోటో తీసి స్నేహితునికి పంపవలెనంటే ఫోనును వెనుకకు జరపాలి. జరిపితే అక్షరాలు చిన్నవై చదువుటకు వీలుండదు. ఫ్లాష్ లేనందున రాత్రి వేళ ఫోటోలు నలుపు తేలేవి. అదే కారణంగా, చవక బటన్ల ఫోన్లలో కూడ లభించే టార్చి సౌకర్యం దీనిలో లేదు. ముందు కెమేరా లేదు గనుక స్వీయచిత్రాలకు, వీడియో సంభాషణకు అవకాశం లేదు.

సిమ్, అనుసంధానాలు, బ్యాటరీ

భారతదేశంలో విక్రయించిన ఫోనులో రెండు మైక్రో సిమ్‌లు పడతాయి. 3జీ డేటాను ఒకేసారి ఒక సిమ్‌పై మాత్రమే వాడుకొనవచ్చు. ఒక సిమ్‌పై మాట్లాడుతున్నప్పుడు రెండవ సిమ్‌కు వచ్చే పిలుపులు అందవు. వైఫై, బ్లూటూత్ 4.0, జీపీఎస్, ఎఫ్‌ఎం రేడియో ఉన్నాయి. రేడియో వినడానికి ఇయర్‌ఫోను తీగను తప్పక తగిలించాలి. ఆ తీగే యాంటెనాగా పనిచేస్తుంది. ఈ ఫోనులో 4జీ లేదు. 2014లో ఈ ధరకు అది లోపంగా కనిపించలేదు గాని తరువాతి కాలంలో ఇదే పెద్ద అడ్డంకి అయింది.

బ్యాటరీ సాధారణ వాడుకలో ఒక పగలంతా సరిపోయేది. 3జీ డేటాను అధికంగా వాడేవారు సాయంత్రానికే చార్జింగు పెట్టుకోవలసివచ్చేది.

సాఫ్ట్‌వేరు

ఆ కాలపు చవక ఫోన్లలో తయారీదారులు తమ సొంత హంగులను, తొలగించడానికి వీలులేని యాప్‌లను చేర్చడం పరిపాటి. మోటో ఈలో అటువంటివి చాలా తక్కువ. మోటరోలా చేర్చిన కొద్ది యాప్‌లలో మోటరోలా అలర్ట్ ఒకటి. ఆపద సమయంలో వాడుకరి ఉన్న ప్రదేశాన్ని ముందుగా ఎంచుకొన్న బంధుమిత్రులకు తెలియజేయడం దీని పని. పాత ఫోనులోని సమాచారాన్ని కొత్త ఫోనుకు మార్చుకొనే మోటరోలా మైగ్రేట్ మరొకటి.

కనీసం ఒక ఆండ్రాయిడ్ అప్‌డేటు తప్పక ఇస్తామని మోటరోలా విడుదల సమయంలోనే హామీ ఇచ్చింది. ఏడువేల రూపాయల ఫోన్లు కొన్ననాటి సంచికతోనే జీవితాంతం నడిచే రోజులవి. అందువలన ఈ హామీ చాలామంది కొనుగోలుదారులను ఆకట్టుకున్నది.

తెలుగు సదుపాయం

ఆండ్రాయిడ్ మూల వ్యవస్థలో తెలుగు లిపి 2012లో వెలువడిన 4.1 సంచికతో చేరింది. కన్నడం, మలయాళం కూడ అదే సంచికలో చేరాయి. అంతకు పూర్వపు ఫోన్లలో, తయారీదారు ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే తప్ప, తెలుగు పుటలు గళ్ళుగళ్ళుగా కనిపించేవి. ఒపెరా మినీ బ్రౌజరులోని ఒక అమరికను మార్చి, అక్షరాలను బొమ్మల రూపంలో తెప్పించుకొని చదవడం ఆనాటి వాడుకరులు కనుగొన్న ఉపాయం. మోటో ఈ 4.4 సంచికతో వచ్చినందున ఈ బాధ లేకుండా తెలుగు పత్రికలను, సందేశాలను నేరుగా చదువుకొనే వీలు కలిగింది.

తెలుగులో రాయడానికి ప్రత్యేకమైన కీబోర్డు యాప్ అవసరమయ్యేది. బొంబాయి ఐఐటీ వారి స్వరచక్ర ఇటువంటి వాటిలో ఒకటి. దానిలో హల్లును తాకగానే దాని గుణింతం చక్రాకారంగా తెరపై కనిపిస్తుంది. మామూలు ఎస్‌ఎంఎస్‌లో ఆంగ్ల అక్షరాలు 160 పడితే, యూనికోడ్ తెలుగులో 70 సంకేతాలే పడతాయి. గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడ లెక్కలోకి వస్తాయి గనుక చిన్న వాక్యానికే రెండు సందేశాల రుసుము పడే అవకాశం ఉంది. వాట్సాప్ వంటి సందేశ యాప్‌లలో ఈ పరిమితి లేకపోవడం తెలుగులో రాసుకొనడానికి దోహదపడింది.

2014 చివరలో వెలువడిన ఆండ్రాయిడ్ 5.0 (లాలీపాప్) మరొక అడుగు ముందుకు వేసి, మెనూలు, ఆదేశాలు చూపే భాషలలో తెలుగును చేర్చింది. కనుక తెలుగువారికి ఆండ్రాయిడ్ సంచిక మారడం అనేది కేవలం సాంకేతిక విషయం కాదు. ఫోనులో తమ భాషకు ఎంత చోటు దొరుకుతుందన్న విషయం కూడ.

లాలీపాప్ అప్‌డేటు

మోటరోలా హామీ ఇచ్చిన అప్‌డేటు 2015లో భారతీయ వాడుకరులకు అందింది. మాట నిలబెట్టుకున్నందుకు సంస్థకు ప్రశంసలు వచ్చాయి; ఆలస్యమైనందుకు విమర్శలూ వచ్చాయి. అప్‌డేటు తరువాత నిల్వ స్థలం సమస్య మరింత ముదిరింది. దీనికి కారణం లాలీపాప్ పనితీరులోనే ఉంది.

కిట్‌క్యాట్ వరకు వాడుకలో ఉన్న డాల్విక్ అనే యంత్రాంగం, యాప్‌ను తెరిచినప్పుడు అవసరమైన భాగాన్ని అప్పటికప్పుడు ప్రాసెసరు భాషలోకి మార్చేది. లాలీపాప్‌లో దాని స్థానాన్ని ఏఆర్‌టీ ఆక్రమించింది. ఇది యాప్‌ను ఫోనులో ఎక్కించేటప్పుడే మొత్తం మార్చి, ఫలితాన్ని నిల్వ చేసి ఉంచుతుంది. దీనివలన యాప్‌లు చురుకుగా తెరుచుకుంటాయి. కాని మార్చి ఉంచిన ప్రతికి అదనపు చోటు కావాలి. 16 గిగాబైట్ల ఫోనులో తెలియని ఈ అదనపు భారం, 2.2 గిగాబైట్లే మిగిలిన ఫోనులో బాగా తెలిసివచ్చింది. చోటు చాలడం లేదన్న హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక యాప్‌ను తీసివేయవలసివచ్చేది. అప్‌డేటు తెచ్చిన సౌకర్యాలు ఒకవైపు, దానికి చెల్లించిన మూల్యం మరొకవైపు అన్నట్లుగా వాడుకరుల అనుభవం సాగింది.

ఆండ్రాయిడ్ 6.0ను మోటరోలా ఈ ఫోనుకు అందించలేదు. అయితే బూట్‌లోడరును తెరుచుకొనే పద్ధతిని సంస్థ తానే కల్పించినందున, స్వచ్ఛంద కార్యకర్తలు సయనోజెన్‌మాడ్, లీనేజ్‌ఓఎస్ వంటి వ్యవస్థలను దీనికి తయారుచేశారు. సాంకేతిక పరిజ్ఞానం కలవారు వీటి సహాయంతో ఫోను ఆయుర్దాయాన్ని పొడిగించుకున్నారు. సామాన్య వాడుకరులకు ఈ మార్గం కష్టసాధ్యం.

వాడుకరుల అభిప్రాయాలు

మోటో ఈపై వ్యక్తమైన అభిప్రాయాలలో తరచుగా కనిపించేవి ఇవి.

మెచ్చుకొన్న అంశాలు:
* చేతిలో గట్టిగా, నమ్మకంగా అనిపించే నిర్మాణం
* గీతలు సులభంగా పడని గాజు
* అక్షరాలు స్పష్టంగా కనిపించే తెర
* తడబాటు లేని, హంగులు తక్కువైన ఆండ్రాయిడ్
* ఒక రోజు నిలిచే బ్యాటరీ

నచ్చని అంశాలు:
* నిల్వ స్థలం చాలకపోవడం
* దగ్గరి వస్తువులను తీయలేని కెమేరా
* ముందు కెమేరా, ఫ్లాష్ లేకపోవడం
* పెద్ద ఆటలలో నెమ్మదించే ప్రాసెసరు
* మార్చుకొనలేని బ్యాటరీ

కొన్న తొలి రోజులలో వ్యక్తమైన అసంతృప్తి ప్రధానంగా కెమేరా గురించి. ఒకటి రెండు సంవత్సరాలు వాడిన తరువాత ఫిర్యాదులు నిల్వ స్థలం వైపు మళ్ళాయి. కెమేరా లోపం మొదటి రోజునే తెలిసేది, మరింత పెరగనిది. నిల్వ స్థలం లోపం అలా కాదు. వాట్సాప్, ఫేస్‌బుక్, బ్రౌజరు వంటి యాప్‌లు అప్‌డేటు అయిన కొద్దీ పెద్దవవుతూ వచ్చాయి. వాడుకరి కొత్తగా ఏమీ చేర్చకపోయినా ఖాళీ తగ్గిపోయేది.

పోటీ ఫోన్లు

మోటో ఈ విడుదలైన నెలలోనే మైక్రోమ్యాక్స్ సంస్థ యునైట్ 2 అనే ఫోనును అదే రూ. 6,999 ధరకు తీసుకువచ్చింది. దానిలో నాలుగు కోర్ల ప్రాసెసరు, 4.7 అంగుళాల తెర, ఫ్లాష్‌తో కూడిన కెమేరా, ముందు కెమేరా, అనేక భారతీయ భాషల సదుపాయం ఉన్నాయి. అయితే తెర పెద్దదైనా పిక్సెళ్ళు 480 × 800 మాత్రమే. సెప్టెంబరులో షియోమీ రెడ్‌మీ 1ఎస్‌ను రూ. 5,999కే విడుదల చేసింది. నాలుగు కోర్లు, 4.7 అంగుళాల హెచ్‌డీ తెర, 8 గిగాబైట్ల నిల్వ, 8 మెగాపిక్సెళ్ళ కెమేరా గల ఆ ఫోను మోటో ఈకి గట్టి పోటీ అయింది. అదే నెల 15న గూగుల్ ఆండ్రాయిడ్ వన్ కార్యక్రమాన్ని భారతదేశంలో ప్రారంభించింది. తక్కువ ధరలో మార్పులు లేని ఆండ్రాయిడ్, సకాలంలో అప్‌డేట్లు అనే దాని ఆశయం మోటో ఈ ఆశయానికి సన్నిహితమైనది.

వాడుకనుండి వైదొలగడం

మోటో ఈకి దూరమైన సేవలు ఒక్కొక్కటిగా దూరమయ్యాయి. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమైనప్పుడు, అవి 4జీపై మాత్రమే నడిచేవి గనుక ఈ ఫోనులో జియో సిమ్ పనిచేయలేదు. ఎయిర్‌టెల్ 2019 నుండి అంచెలంచెలుగా తన 3జీ సేవలను నిలిపివేసింది. ఆ సిమ్ గలవారికి ఈ ఫోనులో 2జీ మాత్రమే మిగిలింది. 2023లో గూగుల్, కిట్‌క్యాట్ ఫోన్లకు ప్లే సర్వీసులను అప్‌డేటు చేయడం ఆపివేసింది. కనుక లాలీపాప్‌కు మారని మోటో ఈలు మరింత వెనుకబడ్డాయి.

భద్రతా ధ్రువపత్రాలు మరొక సమస్య. అనేక వెబ్‌సైట్లకు ధ్రువపత్రాలిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ మూలపత్రం, 7.1.1కు పూర్వపు ఆండ్రాయిడ్ వ్యవస్థలలో లేదు. పాత ఫోన్ల కొరకు చేసిన తాత్కాలిక ఏర్పాటు 2024 సెప్టెంబరుతో ముగిసింది. అందుచేత చాలా వెబ్‌సైట్లు ఈ ఫోను బ్రౌజరులో హెచ్చరికలు చూపుతాయి, లేదా తెరుచుకోవు. సొంత ధ్రువపత్రాల జాబితాను వెంట తెచ్చుకొనే ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లకు ఈ ఇబ్బంది తక్కువ.

భద్రతా అప్‌డేట్లు నిలిచిపోయిన ఫోనులో బ్యాంకు లావాదేవీలు జరపడం క్షేమకరం కాదు. పనిచేసే స్థితిలో ఉన్న మోటో ఈని మాట్లాడడానికి, రేడియో వినడానికి, కార్డులోని పాటలు వినడానికి, అలారంగా వాడుకొనవచ్చు.

తరువాతి నమూనాలు

రెండవ తరం మోటో ఈ 2015 మార్చిలో భారతదేశానికి వచ్చింది. 3జీ నమూనా ధర మళ్ళీ రూ. 6,999. 8 గిగాబైట్ల నిల్వ స్థలం, ఆటోఫోకస్ కెమేరా, ముందు కెమేరా, 2,390 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ దీనిలో చేరాయి. 4జీ నమూనా కూడ విడిగా లభించింది. మొదటి తరం వాడుకరులు ఎత్తిచూపిన లోపాలలో ఎక్కువ భాగం ఈ మార్పులతో తీరాయి. ఫ్లాష్ మాత్రం ఈసారి కూడ చోటుచేసుకోలేదు.

ఇవి కూడ చూడండి

* ఆండ్రాయిడ్
* ఆండ్రాయిడ్ వన్
* మోటరోలా
* యూనికోడ్
* తెలుగు లిపి